మంద్రస్థాయిలో మా ఇల్లు

పేర్లు పెట్టడంలో ఇంగ్లీషు వాళ్ళది అదో రకం చనువు. సన్నగా, కీచుగా పలికే చిన్న స్పీకరుకి పిట్ట కూతని బట్టి ట్వీటర్ అన్నారు. లావుగా, బొంగురుగా పలికే పెద్ద స్పీకరుకి కుక్క మొరుగుని బట్టి వూఫర్ అన్నారు. మన పెద్దలు మాత్రం మంద్రం హృదయంలో పుడుతుంది, మధ్యమం కంఠంలో పుడుతుంది, తారం శిరస్సులో పుడుతుంది అని స్థానాలు కేటాయించి మరీ శాస్త్రం రాసుకున్నారు. జంతువుల జోలికి మనవాళ్ళూ వెళ్ళకపోలేదనుకోండి. షడ్జమానికి నెమలినీ, నిషాదానికి ఏనుగునీ తెచ్చుకున్నారు. ఎంత తెచ్చుకున్నా కుక్కని మాత్రం గుమ్మం అవతలే ఉంచారు.

ఆ వూఫరు కింద మళ్ళీ ఒకాయన ఉన్నాడు. ఆయన సబ్ వూఫరు. సబ్ రిజిస్ట్రారు, సబ్ ఇన్‌స్పెక్టరు లాగా ఈయన కూడా ఎవరో చిన్న ఉద్యోగి కాబోలు, మూల కూర్చుని తన పనేదో తను చూసుకుంటాడు కాబోలు అనుకోకండి. మా ఇంటికి వచ్చినాయన బరువు 20 కిలోలు. నల్లగా, చదరంగా, మా అత్తయ్యగారి ట్రంకు పెట్టెకి ఏ మాత్రం తీసిపోకుండా ఉన్నాడు. లిఫ్టులోంచి గుమ్మం దాకా తెచ్చేసరికి మా వారికి నడుం పట్టేసింది. ఖరీదెంతండీ అంటే "ఆఫర్లో వచ్చింది" అన్నారు. ఇరవయ్యేళ్ళ కాపరం తర్వాత ఆ మాటకి అర్థం నాకు విడమర్చి చెప్పక్కర్లేదు.

మా హాల్లో అయిదు స్పీకర్లు అప్పటికే ఉన్నాయి. ముందు మూడు, వెనక రెండు. ఇంటికొచ్చిన చుట్టాలకి వాటిని చూపించి "ఫైవ్ పాయింట్ వన్" అని చెప్పుకోవాలంటే ఆ పాయింటు ఒకటి కావాలట. తక్కిన అయిదుగురూ అన్ని స్వరాలూ పలుకుతారు. ఈయన అట్టడుగున ఉండే కాస్త శబ్దం మాత్రమే పలుకుతాడు. అందుకని పూర్తి అంకె ఇవ్వకుండా పాయింటు ఒకటి ఇచ్చి కూర్చోబెట్టారు. అది లేక ఇన్నాళ్ళూ మా ఇంట్లో సినిమాలన్నీ ఉప్పు లేని పప్పులా ఉన్నాయని మా వారి బాధ. ఇంటర్ చదువుతున్న మా వాడు ఆ బాధలో తండ్రికి తోడు.

అసలు సంగతేమిటంటే మనిషి చెవికి 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినిపిస్తుందంటారు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కదలికలు అన్న లెక్క. టీవీలు పూర్వం సందూకంత ఉండేవి, లోపల స్పీకరుకి చోటుండేది. ఇప్పుడవి అప్పడంలా పలచబడిపోయాయి. అప్పడంలోంచి మంద్రం ఎలా వస్తుంది? వందకి దిగువన ఉన్నదంతా టీవీ గుటుక్కున మింగేస్తుంది. మృదంగం ఉంటుంది, అందులో ఎడమ చెయ్యి ఉండదు. పెళ్ళి ఉంటుంది, డోలు ఉండదు. పల్లెటూళ్ళో ఊరి చివర పెళ్ళి జరుగుతుంటే మనకి ముందు వినిపించేది డోలే కదా, సన్నాయి తర్వాత. దూరం పోయేకొద్దీ సన్నటి శబ్దాన్ని గాలి పీల్చేసుకుంటుంది, లావుపాటిది మాత్రం అలా నడిచొస్తూనే ఉంటుంది. ఆ నడిచొచ్చే గుణమే తర్వాత మా కొంప మీదికి తెచ్చింది.

ఇక మా అత్తయ్యగారి సంగతి కూడా చెప్పాలి. ఆవిడకి 82 ఏళ్ళు. ఏడాదిగా రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చోవడం మానేశారు. మొదట సోఫాలో మా మధ్య కూర్చునేవారు. తర్వాత కిటికీ మూల చేతుల కుర్చీలోకి మారారు. ఆ తర్వాత "నిద్రొస్తోందమ్మా" అని గదిలోకి వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. ఎనిమిదిన్నరకి నిద్రొచ్చే మనిషి కాదావిడ. వెళ్ళి చూస్తే దీపం వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవారు.

వయసుతో పాటు చెవి ముందుగా పోగొట్టుకునేది పైస్థాయి శబ్దాల్నేనట. మన మాటలో అచ్చులు కింద ఉంటాయి, స, శ, త, క, ప లాంటి హల్లుల పదునంతా పైన ఉంటుంది. అందుచేత ముసలివాళ్ళకి అచ్చులు మిగిలి హల్లులు రాలిపోతాయి. పాప అన్నా, తాత అన్నా, కాక అన్నా ఆవిడకి ఒకటే వినిపిస్తుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? గట్టిగా అరుస్తాం. అరిస్తే అచ్చులే ఇంకా పెద్దవవుతాయి. ఆవిడ నొచ్చుకుని, "వినిపిస్తోందిలే, అరవకు. అర్థమే కావట్లేదు" అంటారు. ఎంత నిజం మాట! వినిపించడం, అర్థమవడం రెండూ వేరని డాక్టర్ కన్నా ముందు ఆవిడే చెప్పారు. చెవి మిషను కొనిపెట్టాం. బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా ఉంది.

పైన హల్లుల్ని వయసు తీసుకుపోయింది, కింద మంద్రాన్ని అప్పడం టీవీ తీసుకుపోయింది. ఆవిడకి మిగిలిందేమిటి మరి?

ఇదంతా మా వారికి అప్పట్లో పట్టలేదు. ఆయన దృష్టంతా బాంబుల మీదే. పెట్టెని తెచ్చి హాల్లో షోకేసు పక్కన మూలకి జరిపారు. మూలైతే రెండు గోడలూ, నేలా కలిసి శబ్దాన్ని దొప్పలో పోసినట్టు ముందుకి పోస్తాయని, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత వస్తుందని మా వాడు చదివి చెప్పాడు. కోఠీలో గుజరాతీ గల్లీకి పోయి పది గజాల వైరు తెచ్చారు. వైరు పొడుగు కొలిచేముందు అది ఏ దారిన వెళ్తుందని నన్నొక మాట అడిగితే బాగుండేది. తీరా చూస్తే వంటింటి గుమ్మానికి అడ్డంగా వచ్చింది.

తర్వాత మా వాడు ఫోనులోంచి ఒక శబ్దం వదిలాడు. 20 దగ్గర మొదలై నెమ్మదిగా 100 దాకా పాకే మూలుగు. అది పరీక్షట. ఆ మూలుగు పైకి జరుగుతున్న కొద్దీ ఇంట్లో ఒక్కో వస్తువూ తన వంతు రాగానే లేచి హాజరు పలకడం మొదలుపెట్టింది. ముందు షోకేసు అద్దం జివ్వుమంది. లోపల కొండపల్లి ఏనుగు అంబారీ జారవిడిచింది. తర్వాత వంటింట్లో ప్లేట్ల స్టాండు. తర్వాత బీరువా పిడి. పూజ గదిలో గంట కూడా 'నేనూ ఉన్నాను' అంది. ప్రతి వస్తువుకీ తనదంటూ ఒక స్వరం ఉంటుందనీ, బయట ఆ స్వరం పలికితే అది పలక్కుండా ఉండలేదనీ చదువుకున్నాను గానీ, నా వంటింటి పళ్ళేలు సంగీతం నేర్చుకున్నాయని నాకు అప్పుడే తెలిసింది. ఏవి ఎక్కడ గలగలమంటున్నాయో పట్టుకోవడం మగవాళ్ళ వల్ల కాలేదు. పాత పట్టు చీర అంచు మడతలు పెట్టి షోకేసు అద్దం సందుల్లో నేనే కుక్కాను. ప్లేట్ల మధ్య గుడ్డ ముక్కలు వేశాను. బీరువా పిడికి రబ్బరు బ్యాండు. అరగంటలో ఇల్లు నోరు మూసుకుంది.

ఇంత చేశాక మా వారు సోఫాలో దర్జాగా కూర్చుని ఓ యుద్ధం సినిమా పెట్టారు. ఏమీ వినిపించలేదు!

అవునండీ. షోకేసు పక్కన నిలబడితే గుండె దడదడలాడుతోంది. అత్తయ్యగారి కిటికీ మూల కూర్చుంటే కుర్చీ ఊగుతోంది. సరిగ్గా మా వారు కూర్చున్న సోఫా దగ్గర మాత్రం చడీ చప్పుడూ లేదు. ఇందులో మాయేమీ లేదు. పెద్ద పళ్ళెంలో నీళ్ళు పోసి అటూ ఇటూ ఊపి చూడండి. అంచుల దగ్గర నీళ్ళు లేచి పడతాయి, నడిమధ్య మట్టం కదలదు. మా హాలు పొడవు 18 అడుగులు. 31 హెర్ట్జ్ శబ్దానికి అల పొడవు 36 అడుగులు, అంటే సరిగ్గా మా హాలుకి రెట్టింపు. ఆ శబ్దం మా గోడల మధ్య పళ్ళెంలో నీళ్ళలాగే ఊగుతుంది. సోఫా ఉన్నది నడిమధ్యన. గదికి యజమానినని ఎవరు కూర్చుంటారో వారికే వినిపించకుండా, గోడవార ఉన్నవాళ్ళందరికీ వినిపించే ఏర్పాటన్నమాట.

మా వారు ఏం చేస్తారు? పెంచారు. ఇంకా పెంచారు.

పూర్వం 1974లో ఎర్త్ క్వేక్ అనే అమెరికా సినిమా కోసం హాళ్ళలో ఇలాంటి పెట్టెలే, కాకపోతే మనిషెత్తువి, వరసగా పేర్చి భూకంపం వచ్చినట్టు కుర్చీలు వణికించారు. లాస్ ఏంజలస్‌లో చైనీస్ థియేటర్ పైకప్పు పెచ్చులు ఊడి జనం నెత్తిన పడకుండా కింద వల కట్టాల్సి వచ్చింది. ఆ కథ మా వాడు ఎంతో ఉత్సాహంగా చెప్పాడు. మన ఇంట్లో వల ఎవరికి కట్టాలిరా, పై వాళ్ళకా, కింది వాళ్ళకా అనుకున్నాను నేను.

ఆ సమాధానం సోమవారం పొద్దున్నే వచ్చింది. మా కింది ఫ్లాట్‌లో ఒక అమ్మాయి పురిటికని ఉంది. మూడో నెల పిల్లవాడు. సాయానికి వరంగల్ నుంచి వాళ్ళమ్మగారు వచ్చి ఉన్నారు. ఆవిడ పైకొచ్చి, గుమ్మం బయటే నిలబడి, ఎంతో మొహమాటంగా, "ఏమనుకోకు వదినా, రాత్రిళ్ళు మీ ఇంట్ల గ్రైండర్ ఏమన్న నడుపుతున్నరా? పిల్లగాడు ఉలికిపడి లేస్తున్నడు" అన్నారు.

రాత్రి పదింటికి గ్రైండరేమిటి పాపం! ఆవిడకి సినిమా అని తోచనే లేదు. ఎందుకు తోచలేదో నాకు సాయంత్రం తెలిసింది.

మా వారు ముందే ఆత్మరక్షణలో పడ్డారు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం జనం కాపరముండే చోట పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ వరకూ ఫర్వాలేదట. ఫోనులో కొలిచే యాప్ ఒకటి వేసి, "నువ్వే కిందికి వెళ్ళి కొలుచుకురా. నేను పైన అదే సినిమా అదే మోతతో పెడతాను" అని నా చేతిలో పెట్టారు. వెళ్ళాను.

కింద కూర్చుంటే నాకు కథ వినిపించలేదు. మాట లేదు, పాట లేదు, బాంబూ లేదు, ఏడుపూ లేదు. గాలిలో తేలే శబ్దాలన్నింటినీ ఆ స్లాబు ఆపేసింది. వాటి అడుగున ఉన్న మడ్డి మాత్రం కిందికి దిగింది. ఢుమ్... ఢుమ్... అంటూ, తాళం లేకుండా, ఎప్పుడు ఆగుతుందో, మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో తెలియకుండా. సినిమా చూసేవాడికి తర్వాత ఏమొస్తుందో తెలుస్తుంది, గుండె చిక్కబట్టుకుంటాడు. కింద ఉన్నవాళ్ళకి ఆ సూచన కూడా లేదు. బాలింత పిల్ల కళ్ళ కింద నల్లగా ఉంది. ఒక్క మాట అనలేదు. ఉయ్యాల వైపు చూపించింది. ఉయ్యాల గొలుసుకి కట్టిన గిలక్కాయ దానంతటదే చిరుగ్గా గలగలమంటోంది. నా చేతిలో ఫోను 39 అని చూపిస్తోంది.

పైకొచ్చి 39 అని చెప్పగానే మా వారి మొహం వెలిగిపోయింది. "చూశావా! ఫ్యాను చప్పుడు పాటి లేదు."

"గిలక్కాయ మోగుతోందండీ" అన్నాను.

"మోగదు. మోగితే మీటరులో వస్తుంది."

మీటరు పెద్దదా, గిలక్కాయ పెద్దదా అన్న ధర్మసందేహం మా వాడు తీర్చాడు. ఆ నిబంధనల్లో డెసిబెల్స్ పక్కన ఏ అనే అక్షరం ఉంటుందట. మనిషి చెవికి మంద్రం తక్కువగా ఆనుతుందని 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు లెక్క కట్టారు. ఆ ఏ అక్షరం ఉన్న కొలతలో చెవిని అనుకరించడానికని కిందిస్థాయి శబ్దాల్ని తగ్గించి లెక్కేస్తారు. 50 హెర్ట్జ్ దగ్గర ఇంచుమించు 30 డెసిబెల్స్ కొట్టేస్తారు. దానికి తోడు ఫోను మైకు మాట కోసం చేసింది, మంద్రం దానికి అసలే అంతంతమాత్రం. అంటే ఆ మీటరు కిందింటి వాళ్ళ బాధలో ముప్పాతిక మువ్వీసం తీసేసి మిగతాది మాత్రమే మనకి చూపిస్తుందన్నమాట. ఈ లోకంలో ఆడవాళ్ళు చెప్పుకునే కష్టాలు కొలిచే మీటర్లన్నీ ఇలాంటివేనేమో అని నాకో అనుమానం. "తలనొప్పిగా ఉంది" అంటే టెంపరేచరు చూసి "జ్వరం లేదే" అనేవాళ్ళని మీరూ చూసే ఉంటారు.

మా వారు మంచి మనిషే. లెక్క తెలిశాక వాదించలేదు. "అయితే తీసేద్దామా?" అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. వద్దన్నాను. అంత బరువూ మళ్ళీ లిఫ్టు దాకా ఎవరు మోస్తారు? చోటు సరైంది కాక అంత మోత కావలసి వస్తోంది గానీ, చోటు దొరికితే చిన్న గొంతుతోనే పలుకుతాడు అని తండ్రీ కొడుకులు తేల్చారు. ఆ చోటు వెతకడానికి ఒక పద్ధతుంది. దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, నన్నడిగితే ఆయనకి పెళ్ళాం ఉండి ఉండదు, ఉంటే పుట్టింట్లో ఉండి ఉంటుంది.

పద్ధతి ఏమిటంటే మనిషి కూర్చునే చోట పెట్టెని కూర్చోబెట్టాలి. పెట్టె ఉండబోయే చోట్లన్నిట్లోనూ మనిషి పాకుతూ వినాలి. ఎక్కడ మంద్రం ఒక్కలా, నిండుగా వినిపిస్తుందో అక్కడికి పెట్టె వస్తుంది. ఇక్కణ్ణించి అక్కడికి ఎలా వినిపిస్తుందో, అక్కణ్ణించి ఇక్కడికీ అలాగే వినిపిస్తుంది గనక ఇద్దరూ చోట్లు మార్చుకుంటే సరి. వినడానికి ఎంతో న్యాయంగా ఉంది. చూడ్డానికి మాత్రం, సోఫాలో మెత్త మీద నల్లపెట్టె కొలువు తీరి ఉంటే, దాని చుట్టూ ఒక ప్రైవేటు కంపెనీ డెప్యూటీ మేనేజరు మోకాళ్ళ మీద ప్రదక్షిణం చేస్తున్నాడు.

చప్పుడుకి అత్తయ్యగారు గదిలోంచి వచ్చారు. కొంచెంసేపు చూశారు.

"ఏవిట్రా, ఈ వయసులో పారాడుతున్నావు? ఏమైనా పడిపోయిందా?"

"శబ్దం వెతుకుతున్నానమ్మా!"

"ఏమిటీ, శనగలా?"

హల్లులు రాలిపోతాయని చెప్పానుగా. ఆవిడ పాపం సోఫా కిందికి వంగి శనగలు వెతకబోయారు. నేను పట్టుకుని లేపి కూర్చోబెట్టేసరికి నవ్వాగక నాకే ఆయాసం వచ్చింది.

మొత్తానికి మూడు మంచి చోట్లు దొరికాయి. ఒకటి సరిగ్గా పూజ గది గడప. రెండోది వంటింటికీ భోజనాల బల్లకీ మధ్య దారి. "ఇక్కడ ఖాళీయే కదా" అన్నారు మా వారు. ఆడది రోజుకి వందసార్లు నడిచే దారి మగవాడికి ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. మూడోది సోఫా ఎడమ చివర, చేతికి అందేంత దూరంలో. అక్కడున్న టీపాయ్ తీసేసి దాన్ని పెట్టాం. గదికి నడిమధ్య కావడం వల్ల ఆ పళ్ళెంలో నీళ్ళని అది అంతగా రెచ్చగొట్టదు. పక్కనే ఉండటం వల్ల చిన్నగా పలికినా సోఫాలో వాళ్ళకి సరిపోతుంది. మోత నాలుగో వంతుకి దించినా మా వారికి యుద్ధం బాగానే వినిపించింది. కింద గ్రైండరుకి వేసే రబ్బరు మేటు రెండు పొరలుగా నేను పరిచాను. కాళ్ళలోంచి దిగే అదురు దానితో కొంత తగ్గుతుంది. గాలిలోంచి వెళ్ళి స్లాబుని తట్టేదానికి మాత్రం రబ్బరు మందు కాదు, తగ్గించుకోవడమే మందు. అందుకని కిందికి వెళ్ళి పిల్లవాడి నిద్రవేళలు అడిగి రాసుకొచ్చి క్యాలెండరు మీద అతికించాను. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు. రాత్రి తొమ్మిది తర్వాత పెట్టె స్విచ్చి కట్టేయాలి. మా వాడు "పరీక్షల టైంటేబుల్లా ఉంది" అన్నాడు. ఉంటుంది మరి.

ఇంక సర్దుబాట్లు మిగిలాయి. వెనక ఒక చిన్న స్విచ్చి, సున్నా అనీ 180 అనీ. అటు తిప్పితే పెట్టె, తక్కిన స్పీకర్లు కలిసి ఊపిరి తీస్తాయి. ఇటు తిప్పితే ఒకరు తీస్తుంటే ఒకరు వదులుతారు. మా వాడు తిప్పడం, "ఇప్పుడు బాగుందా? ఇప్పుడా?" అనడం, కళ్ళ డాక్టరు అద్దాలు మార్చినట్టే నడిచింది ఆ తతంగం. అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ రాత్రి అత్తయ్యగారి కోసమని మాయాబజార్ పెట్టాం. 1957 నాటి సినిమా. ఆనాటి సౌండ్ ట్రాక్‌లో అట్టడుగు మంద్రం దాదాపు ఉండదు, పెట్టెకి పనుండకూడదు. ఆవిడ అయిదు నిమిషాలు చూసి, "ఒరే, రంగారావు తెర మీద ఉన్నాడు, గొంతు నా మోకాలి దగ్గర వినిపిస్తోందేమిట్రా?" అన్నారు.

ఇద్దరూ తెల్లబోయారు. మీటర్లు, యాప్‌లు పట్టుకోలేనిది ఆవిడ పట్టుకున్నారు. మంద్రం ఎటునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. అందుకే పెట్టె ఎక్కడున్నా శబ్దం తెర మీంచి వచ్చినట్టే ఉంటుంది. కానీ ఆ గుట్టు ఇంచుమించు 80 హెర్ట్జ్ దాకానే. అంతకు పైవి కూడా పెట్టెకి అప్పజెబితే చోటు తెలిసిపోతుంది. పెట్టెకి ఎంత వరకు పంపాలి అన్న హద్దు 150 దగ్గర ఉండిపోయింది. రంగారావు గారి లాంటి గంభీరమైన గొంతు అడుగు భాగం ఆ హద్దులోకి వచ్చేసింది. హద్దుని 80కి దించాక ఆ గొంతు లేచి వెళ్ళి తెర మీద కూర్చుంది. దాంతో పాటు మా వాడు మాట పలికే నడిమి స్పీకరుని నాలుగు మెట్లు పెంచాడు. రాత్రి మోడ్ అని ఒకటుంది, అది పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటిని లేపుతుంది. అదీ వేశాడు. మర్నాడు నేను బీరువా తీసి చెవి మిషను బయటికి తీశాను. "పెట్టుకోండి అత్తయ్యా, మీరు చెప్పకపోతే వీళ్ళకి తెలియట్లేదు" అన్నాను. ఆ మాట పనిచేసింది. నిపుణులకి పనిముట్లు ఉండాలి కదా అన్న ధోరణిలో పెట్టుకున్నారు.

మా మావగారు హైస్కూలు మాస్టారు. మృదంగం వాయించేవారు. కచేరీ విద్వాంసులేం కాదు. శనివారం భజనకీ, త్యాగరాజ ఉత్సవానికీ పిలిచేవారు. మృదంగానికి ఎడమ మూత మీద రవ్వ ముద్ద తడిపి అద్దుతారు. ఆ బరువుకే దాని గొంతు కిందికి దిగుతుంది. వాయించడం అవగానే గీకేసి తుడవాలి. ఆ ముద్ద కలిపివ్వడం యాభై ఏళ్ళు అత్తయ్యగారి పని. ఉప్మాకి లేకపోయినా దానికి రవ్వ ఉండాలని ఇప్పటికీ చెప్తారు. మావగారు పోయి తొమ్మిదేళ్ళు. ఆ మృదంగం మా అటక మీద గుడ్డ సంచిలో ఉంది.

ఆదివారం సాయంత్రం ఆరింటికి, కింది పిల్లవాడు మేలుకుని ఉండే వేళ చూసి, మా వారు ఈమధ్య రికార్డు చేసిన కచేరీ ఒకటి పెట్టారు. ఎవరూ చెప్పకుండానే అత్తయ్యగారు కిటికీ మూలనుంచి కుర్చీ జరుపుకుని సోఫా ఎడమ చివరికి వచ్చారు. కళ్ళజోడు తీసి పెట్టె మీద పెట్టారు. దాని మీద ఏమీ పెట్టకూడదని మా వాడు అనబోతే నేను కళ్ళతోనే ఆపాను. కీర్తన నడుస్తున్నంతసేపూ ఆవిడ ఊరికే కూర్చున్నారు. తని ఆవర్తనం వచ్చింది. కుడి చేతి టకటకలు ఎలాగూ టీవీలోనూ వినిపించేవే. ఎడమ చెయ్యి పడింది. గుమ్... అని నేల మీంచి కుర్చీ కోళ్ళలోకి ఎక్కింది. ఆవిడ అరచెయ్యి తీసి పెట్టె పక్కన ఆనించారు. వేళ్ళు కదలడం మొదలైంది. రెండు చిటికెన వేళ్ళు, ఒక తట్టు, మళ్ళీ వేళ్ళు. ఎక్కడా తాళం తప్పలేదు. మా వారు తెర వైపు చూడటం మానేసి తల్లి చేతిని చూస్తున్నారు. నేను కాఫీ కలపడానికి లేవబోయి మళ్ళీ కూర్చున్నాను.

కోర్వై అయ్యాక ఆవిడ తల అడ్డంగా ఆడించారు.

"వాయిద్యం బాగుందిరా. ఎడమ పక్కే కాస్త ఎక్కువైంది. రవ్వ మరీ దండిగా పెట్టినట్టున్నారు. కొంచెం గీకు."

మా వారు మోకాళ్ళ మీద వంగి, పెట్టె వెనక చెయ్యి పెట్టి, మీట ఒక గీత వెనక్కి తిప్పారు.